పాత్ర అడుగున పేస్టు

ఆ రోజుల్లో మా కొండల్లో టూత్‌పేస్టుకి చాలా పనులుండేవి. పళ్లు తోముకోవడం మాత్రం వాటిలో లేదు. ఈ మాట మా మేనకోడళ్లకి చెబితే నేనేదో కల్పించి చెబుతున్నానని నవ్వుతారు. వాళ్లు నోటినిండా నురుగు పెట్టుకుని ఫోనులో మాట్లాడగలరు. తొంభైల మధ్యలో, హుకుంపేట దాటి రెండు గెడ్డ వాగులూ ఒక కాఫీతోటా నడిచి వెళితే వచ్చే మా ఊళ్లో, పళ్లకి కానుగ పుల్ల ఉండేది. పుల్ల విరవడానికి బద్ధకించేవాళ్లకి పొయ్యిలో బొగ్గు ఉండేది. ఆ రెండింటితోనే మా పెద్దవాళ్లు ముసలితనంలో కూడా చెరకు గడలు నమిలేవారు. (నాకు నలభై దాటకముందే రెండు పళ్లు పీకించుకోవలసి వచ్చింది. ఆ సంగతి ఇక్కడ అనవసరం.)

నేను ఆరో తరగతి నుంచి ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో చదివాను. నెలకొకసారి మమ్మల్ని వరసగా నిలబెట్టి మనిషికొక ఒంటిసబ్బు, ఒక బట్టల సబ్బు, కొబ్బరినూనె, ఒక పేస్టు గొట్టం ఇచ్చేవారు. పేస్టు దేనికో చెప్పారు గాని ఎంత వేసుకోవాలో ఎవరూ చెప్పలేదు. మొదటి రోజు నేను వేలి పొడుగున పిండుకుని నోట్లో పెట్టుకున్నాను. నాలుకకి ముందు తియ్యగా ఉంది, తరవాత మంటగా ఉంది, ఆ తరవాత చలి పుట్టింది. గాలి పీలిస్తే ఎవరో నా గొంతులో కిటికీ తెరిచినట్టయింది. గోడకున్న పగిలిన అద్దంలో చూసుకుంటే కళ్లు గుండ్రంగా, పెదవులు సున్నాలాగా, బుగ్గలు లోపలికి పీక్కుపోయి ఉన్నాయి. ఆ మొహం నాకు చాలాకాలం గుర్తుండిపోయింది. మర్నాడే మళ్లీ కానుగ పుల్ల పట్టుకున్నాను.

పేస్టు అసలు ఉపయోగం జెండా పండగ ముందురోజు తెలిసింది. పదో తరగతి అక్క ఒకామె తన తెల్ల గుడ్డబూట్లకి పేస్టు పట్టించి ఎండలో పెట్టింది. పళ్లకి రాసుకోవాల్సింది బూట్లకి రాస్తున్నావేమని అడిగితే, కవాతులో నా పళ్లెవరు చూస్తారు, బూట్లు చూస్తారు గాని అంది. ఆ మాటలో ఎంత న్యాయం కనబడిందంటే, ఆ రోజు నుంచి పేస్టుకి ఇంకేం పనులున్నాయో వెతకడమే నా చదువైపోయింది. గొట్టాలు దాచిపెట్టి సెలవులకి ఇంటికి పట్టుకెళ్లేదాన్ని. లాంతరు గాజుకి పట్టిన మసి వదిలింది. అమ్మ వెండి కడియాలు పెళ్లినాటి రంగుకి వచ్చాయి. నాన్న చేతివాచీ అద్దం మీద గీతలు పోయి, పదేళ్లుగా ఆగిపోయి ఉన్న ముళ్లు స్పష్టంగా కనబడ్డాయి. గోడలో మేకులు పీకిన కన్నాల్లో పేస్టు కూరితే సున్నంలాగా కలిసిపోయింది. (వారం తిరక్కుండా చీమలు ఆ తీపి కనిపెట్టి కన్నాలు ఇంకా పెద్దవి చేశాయి.) ఎవరికైనా చెయ్యి కాలితే అది కూడా నేనే రాసేదాన్ని. కాలినచోట అలాంటివి పెట్టకూడదని తరవాత నర్సమ్మ వచ్చి గట్టిగానే చెప్పింది గాని, అప్పటికే ఊళ్లో సగంమంది తెల్లటి చేతులతో తిరుగుతున్నారు. క్రిస్మస్ కార్డుల మీద మంచు చూసి, సిల్వర్ ఓక్ కొమ్మ ఒకటి తెచ్చి మా ప్రార్థన గుడి మూల నిలబెట్టి, ఆకు ఆకుకీ పేస్టు అద్దాను. పొద్దుటికి కొమ్మంతా చీమల బారు. మా నాన్న దాన్ని చూసి, బెత్లెహేముకి వచ్చిన గొల్లలు ఇంతమంది ఉండరేమో అన్నాడు.

అప్పటికి నా పేరు ఊళ్లో ఎవరికీ గుర్తులేదు. పేస్టు గుంట అంటే చాలు. (మా వైపు ఆడపిల్లని గుంట అంటారు.) కడియాలు పట్టుకొచ్చేవాళ్లు, లాంతర్లు పట్టుకొచ్చేవాళ్లు. నేను అరుగు మీద కూర్చుని వైద్యుడు నాడి చూసినట్టు చూసి, దీనికి ఒక్క పూత చాలు, దీనికి రెండు కావాలి అని చెప్పేదాన్ని. గర్వం గురించి ఆదివారపు బడిలో చిన్నపిల్లలకి పాఠం చెప్పేది కూడా నేనే. ఆ రెంటికీ సంబంధం ఉందని నాకు తోచలేదు.

ఇంతమందిలో ఒక్కరూ పేస్టు నోట్లో పెట్టుకోకపోవడానికి కారణం మా చిన్నమామ్మ ఇచ్చిన తీర్పు. ఆవిడ మా మామ్మకి తోటికోడలు, మా ఎదురిల్లు. నేను కడియం తోముతుంటే వచ్చి నిలబడి, నల్లగా దిగుతున్న నురుగు చూసి, "ఎండి మీద నలుపే ఊడదీసేత్తంది. పంటి మీద ఎడితే పన్నే ఊడొచ్చేత్తాది" అంది. అది ఊరంతా పాకింది. అంత సబబైన మాటకి ఎవరు ఎదురు చెబుతారు? దాంతో మా ఊళ్లో పేస్టు వాసన తెలియని ఇల్లు లేదు గాని, రుచి తెలిసిన నాలుక నాది తప్ప ఇంకోటి లేదు.

చిన్నమామ్మకీ మా మామ్మకీ ఐదేళ్లుగా మాటల్లేవు. కారణం పసుపు ఉడకబెట్టే రాగి బాన. అన్నదమ్ములిద్దరూ పోయాక రెండిళ్లకీ ఉమ్మడిగా మిగిలింది అదొక్కటే. ఒక ఏడాది చిన్నమామ్మ ఇంటి నుంచి తిరిగొచ్చినప్పుడు దాని అడుగున చిల్లు ఉంది. ఇచ్చినప్పుడే చిల్లుందని చిన్నమామ్మ, ఇచ్చినప్పుడు లేదని మామ్మ. అప్పటి నుంచి, సెలవులకి ఇంటికొస్తే, వాళ్లిద్దరి మధ్య మాటలు మోసేది నేనే. ఆ ఇంటోళ్ల మేక మన చిక్కుడు పాదు మేసింది, సెప్పు అని మామ్మ. పాదుకి కంచె కట్టుకోవాలని ఈ ఇంటోళ్లకి సెప్పు అని చిన్నమామ్మ. ఇద్దరూ ఒకరికొకరు వినబడేంత దూరంలోనే ఉండేవారు. అయినా నేను అటు నాలుగడుగులు వేసి ఆ మాటే మళ్లీ చెప్పాలి.

ఇది ఇళ్ల మధ్య గొడవగానే ఉంటే ఎవరికీ అంత బాధ ఉండేది కాదు. మా నాన్న సంఘ పెద్ద. మైదానం నుంచి పాస్టరు అయ్యగారు మూడు నెలలకొకసారి కొండెక్కి వచ్చి ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం, ఇచ్చేవారు. పాత్ర ఎత్తే ముందు ఆయన ప్రతిసారీ ఒకటే చెప్పేవారు: ఎవరి మీదైనా మనసులో కోపం ఉన్నవాళ్లు ముందు వెళ్లి సమాధానపడి రండి, కోపం పెట్టుకుని తాగినది మేలుకి కాదు, తీర్పుకి. ఆ మాట అవగానే మా మామ్మ కర్ర పట్టుకుని లేచి, బయటికి వెళ్లి గుమ్మం పక్కన కూర్చునేది. ఉన్న కోపాన్ని లేదని దేవుడి దగ్గర ఎలా దాస్తానని ఆవిడ వాదన. చిన్నమామ్మ కదిలేది కాదు. నాకెవరి మీదా కోపం లేదు, దానికే నా మీద కోపం అని అందరికీ వినబడేలా చెప్పి, ఆడవాళ్ల వరసలో చివర కూర్చుని పాత్ర అందుకునేది. ఐదేళ్లపాటు అలా నిజం చెప్పిన మనిషి బయటా, చెప్పని మనిషి లోపలా ఉన్నారు. మామ్మ అప్పటికే ఒంట్లో బాగా తగ్గిపోయింది. ఆవిడ పోయేలోపు ఒక్కసారైనా ఆ పాత్ర ఆవిడ పెదవులకి తగలాలని నాన్న ప్రతి సాయంత్రం కుటుంబ ప్రార్థనలో అడిగేవాడు. నాన్న ప్రార్థన చేస్తున్నంతసేపూ మామ్మ కళ్లు తెరుచుకునే ఉండేది. అది నాకెలా తెలుసంటే నావీ తెరిచే ఉండేవి.

నేను పదో తరగతిలో ఉండగా, క్రిస్మస్ అయ్యాక వచ్చిన ఆదివారం, అయ్యగారు వచ్చే రోజు. బల్ల సామాను మా ఇంట్లోనే ట్రంకుపెట్టెలో ఉండేది: ఒక పళ్లెం, వెండి పూత వేసిన కాడపాత్ర ఒకటి. ఎప్పటివో తెలియదు. రెండూ నల్లబడి ఉన్నాయి. అవి చూడగానే నా చేతులు ఊరుకోలేదు. ఆ నెల గొట్టం ఇంకా విప్పలేదు. పొద్దున్నే పెరట్లో కూర్చుని, పాట పాడుకుంటూ, లోపలా బయటా దట్టంగా పట్టించి గుడ్డతో రుద్దాను. పాత్ర ధగధగలాడింది. ఇంక కడగాలి. డిసెంబరులో మా ఊళ్లో తెల్లవారి నీళ్లంటే, చెయ్యి పెట్టినవాళ్లకి వేళ్లు ఉన్నాయో లేవో లెక్క చూసుకోవలసి వచ్చేది. ఒక్కసారి ముంచి తీసి, గుడ్డతో తుడిచేశాను. గిన్నెకీ కాడకీ అతుకు ఉన్నచోట, లోపల అడుగున, చుట్టూ సన్నటి గాడి ఉంది. ఆ గాడి నిండా పేస్టు ఉండిపోయింది. దానికి తోడు నాన్న ఎండుద్రాక్ష లవంగాలతో ఉడకబెట్టి చిక్కగా వడగట్టిన రసం. దాని ఘాటులో ఇంకే వాసనైనా మునిగిపోతుంది.

అయ్యగారు మంకీ టోపీతో, రెండు స్వెట్టర్లతో వచ్చారు. పాత్ర చూసి కొత్తదా అని అడిగారు. మా అమ్మాయి తోమిందండి అన్నాడు నాన్న. నేను తల వంచుకుని, ఎంత వినయంగా ఉన్నానో అందరికీ కనబడేలా నిలబడ్డాను. ఆరాధన మొదలైంది. వాక్యం అయింది. అయ్యగారు ఎప్పటి మాటే చెప్పారు. మామ్మ ఎప్పటిలాగే కర్ర పట్టుకుని బయటికి వెళ్లింది. ఎప్పటిలాగే చిన్నమామ్మ తనకెవరి మీదా కోపం లేదని చెప్పింది.

ముందు మగవాళ్లు తాగారు. ఏమీ జరగలేదు. తరవాత ఆడవాళ్లు. రసం తరుగుతున్నకొద్దీ అయ్యగారు పాత్రని ఇంకాస్త, ఇంకాస్త వంచుతున్నారు. నాకు ఇంకా బాప్తిస్మం కాలేదు కాబట్టి పిల్లల చాప మీద కూర్చుని చూస్తున్నాను. చివరికి నలుగురున్నారనగా తాగిన పెద్దావిడ ఉన్నట్టుండి కళ్లు గుండ్రంగా చేసింది. ఆ పక్కావిడ పెదవులు సున్నా చుట్టి గాలి పీల్చింది. మూడో ఆవిడ బుగ్గలు లోపలికి పోయాయి. ఆ మొహం నాకు తెలుసు. హాస్టల్లో మొదటి రోజు అద్దంలో చూసిన మొహం అది.

పాత్ర చిన్నమామ్మ దగ్గరికి వచ్చింది. ఆవిడ అలవాటు ప్రకారం ఓ గుక్క పెద్దదే తాగింది. తరవాత చెయ్యి గొంతు మీద పెట్టుకుంది. చెయ్యి గుండె మీదికి దిగింది. మా వైపు మనిషికి ఒళ్లు చల్లబడిందంటే ఇంక చావు కబురు పంపడమే మిగిలిందని అర్థం. అది లోపల గొంతు నుంచి మొదలైందంటే, దానిమీద ఐదేళ్లుగా విన్న తీర్పు మాట కూడా ఉందంటే, ఆవిడ ఏమనుకుందో నేను ఊహించగలను. లేచింది. అయ్యగారు పాత్ర పట్టుకుని చూస్తుండగానే చాపలు దాటుకుని గుమ్మం బయటికి వెళ్లింది. మామ్మ ముందు కూలబడింది.

"అక్కా, గుండెలోకి సలి ఎక్కిపోతంది నాకు. పోయేలోగా సెప్పేత్తాను. బానకి సిల్లు ఎట్టింది నేనే. పసుపు అడుగంటేసింది. గునపంతో గోకేను."

ఐదేళ్ల తరవాత మొదటి మాట ఎలా ఉంటుందోనని గుడి రేకుల కింద నలభై మందిమీ ఊపిరి బిగబట్టాం.

"గునపంతోనా?" అంది మామ్మ. మళ్లీ తనే, "గునపంతో ఎవులైనా గోకుతారటే?" అంది.

చిన్నమామ్మ ఏడుస్తూ, ఆ రోజు గరిటె కనపడలేదని చెప్పింది. మామ్మ కర్ర ఆనించుకుని లేచి, లెగు, నువ్వు సావవు గాని లోపలికి నడు అని రెక్క పట్టుకుని లేపింది. ఇద్దరూ ఒకరినొకరు ఆనుకుని లోపలికి వచ్చారు. మామ్మ తిన్నగా అయ్యగారి ముందుకెళ్లి నిలబడి, నాకూ ఇయ్యండి బాబూ అంది. నాన్న మొహం గోడవైపు తిప్పుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. మామ్మ రెండు చేతులా పాత్ర పట్టుకుని తాగింది. కళ్లు మూసుకుని, సల్లగుంది అని, ఇంకేమీ అనలేదు. పాత్రలో మిగిలింది అయ్యగారు తాగాలి. అది పద్ధతి. ఆయన పాత్ర పూర్తిగా ఎత్తి తాగేశారు. దించాక పాత్రలోకి చూశారు. తరవాత నెమ్మదిగా తల తిప్పి, పిల్లల చాపవైపు చూశారు.

నాకు అప్పుడు తట్టింది. ఈ ఊళ్లో పేస్టుతో పళ్లు తోముకునే మనిషి ఇవాళ ఒకరున్నారు.

చిన్నమామ్మ చనిపోలేదు. మధ్యాహ్నం మా ఇంట్లో నాటుకోడి కూరతో రెండుసార్లు అన్నం పెట్టించుకుంది. మామ్మ తన కంచంలో ముక్క తీసి ఆవిడ కంచంలో వేసింది. చేతులు కడుక్కునే మిషతో అయ్యగారు నన్ను పెరట్లోకి పిలిచారు.

"పాత్ర బాగా మెరిసిందమ్మా. దేంతో తోమావు?"

చెప్పాను. చెబుతూ ఏడ్చాను. ఆయన చాలాసేపు చేతులు తుడుచుకున్నారు.

"ఇరవై ఏళ్లుగా రోజూ పొద్దున్నే దాంతోనే పళ్లు తోముకుంటున్నాను. ఒక్కరోజు కూడా నేను చేసిన తప్పు ఎవరి దగ్గరా ఒప్పుకోవాలనిపించలేదు" అన్నారు.

ఇది పాపమా అని అడిగాను. సరిగ్గా కడక్కపోవడం పాపం కాదు, బద్ధకం అన్నారు. మరి ఇప్పుడు చెప్పాలా, ఊరుకోవాలా అని అడిగాను. ఆవిడకి చలి ఎందుకు పుట్టిందో తెలిస్తే, బాన మాట వెనక్కి తీసుకుంటే, మామ్మ మళ్లీ గుమ్మం బయటికి పోదా? తెలియకుండా ఊరుకుంటే, సంఘమంతా నా పేస్టుని దేవుడి చెయ్యి అనుకుంటుంటే నేను మౌనంగా అబద్ధమాడినట్టు కాదా? అయ్యగారు అరుగు మీద ఒకే ఆకులో వక్కలు పంచుకుంటున్న ఇద్దరు ముసలమ్మల వైపు చూశారు. ప్రార్థన చేసుకుని నువ్వే తేల్చుకో తల్లీ, హుకుంపేటలో నాకు బస్సు తప్పిపోతుంది అన్నారు. అంత దైవజనుడు బస్సు చాటున దాక్కోవడం నాకు అప్పుడు నచ్చలేదు. ఇప్పుడు సంఘంలో నా దగ్గరికీ ఇలాంటి ప్రశ్నలు వస్తుంటాయి. మా ఊరికి ఆ వేళలో బస్సు లేకపోవడం ఎంత లోటో తెలుస్తూ ఉంటుంది.

మూడు రోజులు ప్రార్థన చేశాను. జవాబు రాలేదు. వచ్చింది కథలే. చిన్నమామ్మకి ముందు తాగిన ముగ్గురు ఆడవాళ్లూ తమకీ గొంతులో ఏదో అయిందని గుర్తుచేసుకున్నారు. సంతలో దాన్నే గుడిలో గాలి వీచిందని చెప్పారట. కథ ఊరికి తిరిగొచ్చేసరికి అందులో రేకులు కూడా ఊగాయి. నేను రాత్రికి రాత్రి పెద్ద అద్భుతానికి మూలకారణమైపోయానని, దాన్ని కాపాడాలో కూల్చాలో లోకంలో నాకొక్కదానికే తెలుసునని అనుకున్నాను. పదిహేనేళ్ల వయసులో భక్తి అలాగే ఉంటుంది. దేవుడి పనులన్నీ తన భుజాల మీదే ఆగి ఉన్నట్టు తోస్తుంది. నాలుగో రోజు చిన్నమామ్మ గెడ్డ దగ్గర ఒంటరిగా బట్టలు ఉతుకుతుంటే వెళ్లి, మోకాళ్లూని, మొత్తం చెప్పేశాను. గొట్టం, గాడి, చన్నీళ్లు, అన్నీ. చిన్నమామ్మా, అది తీర్పు కాదు, పేస్టు అన్నాను.

ఆవిడ చేతిలో బట్ట ఆపకుండా విన్నది. విన్నాక రాతి మీద ఇంకో నాలుగు దెబ్బలు కొట్టింది.

"మీ మామ్మకి సెప్పేవేటి?"

లేదన్నాను.

"నోట్లోకి వచ్చింది నీ పేస్టేనేమో. మరి లెగిసి నడిసిన కాళ్లు నాయే గదే. ఐదేళ్లబట్టి లెగాలనే ఉంది, ఎలగ లెగాలో తెల్లేదు నాకు."

బట్ట పిండింది. పిండి, జాడించి, నా భుజం మీద వేసింది, మొయ్యమని.

నాకు అక్కడితో ఊరుకోవాలనిపించాలి. ఊరుకోలేదు. మనిషి దగ్గర ఒప్పుకున్నాను, సంఘం ముందు ఒప్పుకోవద్దా? ఆదివారం సాక్ష్యం చెప్తానన్నాను. ఆవిడ కళ్లు చిన్నవి చేసి నన్ను చూసింది. సెప్పు సూద్దాం అంది.

ఆదివారం సాక్ష్యాల వేళ లేచి నిలబడ్డాను. ప్రభువుకి స్తోత్రం, నేనొక సంగతి సంఘం ముందు ఒప్పుకోవాలి అన్నాను. అంతే. ఆడవాళ్ల వరస చివర నుంచి చిన్నమామ్మ పాట ఎత్తుకుంది. ఆవిడ గొంతు అవతలి కొండ మీద మేకలకి కూడా దారి చూపించే గొంతు. ఒకరు పాట ఎత్తుకున్నాక అందుకోకపోవడం మా సంఘంలో తెలియదు. డప్పు మొదలైంది, తాళాలు కలిశాయి, ఏమీ తెలియని మా నాన్న కళ్లు మూసుకుని చప్పట్లు కొట్టాడు. ఏడు చరణాలు. ఆవిడ ప్రతి చరణం రెండుసార్లు పాడించింది. అయ్యేసరికి ముగింపు ప్రార్థన వేళయింది. మధ్యలో మామ్మ నావైపు చూసి, కూకోవే, ఆ పాట సాలాసేపు ఉంటాది అంది.

వేసవి సెలవుల్లో మళ్లీ లేచాను. మళ్లీ పాట. దసరాకి లేచాను. నేను చాప మీద చెయ్యి ఆనించగానే ఆవిడ దగ్గి గొంతు సవరించుకునేది. ఇంటర్ చదివే రోజుల్లో ఒకసారి ఆవిడ జ్వరంగా ఉండి రాలేదు. సంతోషంగా లేవబోయాను. ఆవిడ స్థానంలో మా మామ్మ ఎత్తుకుంది, ఆవిడకి అసలు రాని పాట. ఆ రోజు నాకు మొదటిసారి అనుమానం వచ్చింది, మామ్మకి కూడా ఎవరో అంతా చెప్పేశారని. అడిగితే, ఏటి సెప్పడం, గుంటా, ఆ బాన అతుకు ఏయించాలి, బేగి కొలిమి కాడికెళ్లి రా అంది. అతుకు వేయించారు. ఇద్దరూ కలిసి పసుపు ఉడకబెట్టారు. ఎవరు ఎక్కువ కట్టెలు తోశారో, ఎవరు ముందు దించమన్నారో అని రోజంతా తగువులాడుకున్నారు. నేను అరుగు మీద ఊరికే కూర్చున్నాను. ఒక్క మాట కూడా నేను మొయ్యలేదు.

మామ్మ ఆ తరవాత మూడేళ్లు బతికింది. అయ్యగారు వచ్చిన ఏ ఆదివారమూ బయట కూర్చోలేదు. రెండువేలు దాటాక ఒక వానాకాలంలో చిన్నమామ్మ కూడా వెళ్లిపోయింది. ఆవిడ సమాధి దగ్గర ఆ ఏడు చరణాలూ పాడాం. ప్రతి చరణం రెండుసార్లు. ఇప్పుడు నేను టీచరుగా ఉన్నాను. ఆదివారం బడి ఇప్పటికీ చెబుతున్నాను. ఊళ్లో ప్రతి ఇంటి నూతి గట్టు మీదా ఒక పేస్టు గొట్టం ఉంది. దాన్ని అందరూ పళ్లకే వాడుతున్నారు. నేను మోకాళ్లూని లోకాన్ని మోసిన ఆ గెడ్డ రాయి మీద పిల్లలు బట్టలు ఆరేస్తున్నారు. దేవుడికి నా సంజాయిషీ అవసరం లేదని అర్థం కావడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. అయినా ఒప్పుకోవాలన్న ఆ గుంట పట్టుదల నాలో ఎక్కడో ఇంకా ఉన్నట్టుంది. లేకపోతే ఇదంతా ఎందుకు రాస్తాను?

రాయడం మొదలుపెట్టి చాలాసేపయింది. ఏ అడ్డూ లేకుండా చివరిదాకా వచ్చేశాను. మధ్యలో రెండు మూడుసార్లు కలం ఆపి విన్నాను కూడా. ఎవరూ పాట ఎత్తుకోలేదు.